పిల్లోళ్ళకి భయమేస్తే "ఏం కాదులే" అనొద్దు

పరీక్ష రోజు పిల్లోడు కడుపునొప్పి అంటే మా తిరుపతిలో "ఏం కాదులేరా, లెయ్" అంటాం కదా, ముందు అది ఆపాల. అమెరికా సైకాలజిస్ట్ స్టీవెన్ హేస్ 1980ల్లో మొదలుపెట్టిన యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీలో సంగతేందంటే, భయాన్ని తరమకుండా ఉండనిచ్చి మన పని మనం చేసుకోవడం. పక్కన కూర్చోని "యాడుంది నాయనా భయం, కడుపులోనా గొంతులోనా, ఏం రంగు?" అని అడగండి. మావోడు "నల్లగా, ఇడ్లీ అంత" అన్నాడు, నవ్వొచ్చినా ఆపుకున్నా. తర్వాత "ఫెయిలైపోతా" అన్నదాన్ని "ఫెయిలైపోతానని నా మనసు చెప్తాంది" అని చెప్పించండి, అప్పుడది నిజం కాదు, ఒట్టి ఆలోచనేనని వాడికి తెలుస్తాది. మిద్దెక్కి కొండ మీద మబ్బు చూపించినా సరే, కొండ దాన్ని తోలదు కదా, భయాన్నీ అట్నే ఉండనియ్యాల. ఆ ఇడ్లీని జేబులో ఏసుకోనే స్కూలుకి పోదాం అనండి, బలవంతం మాత్రం వద్దు. వారాల తరబడి నిద్ర, తిండి లేకుంటే డాక్టర్‌కి చూపించాల.