వియత్నాంలో శాకాహారం: టికెట్ కొనేముందు పంచాంగం చూడండి

వియత్నాం వెళ్ళొచ్చిన మనవాళ్ళు చాలామంది "అక్కడ మనకి తిండి దొరకదు" అంటారు. దొరుకుతుంది. కాకపోతే ఎప్పుడు, ఎక్కడ అన్నది చూసుకోవాలి.

అక్కడి బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. అంటే మన అమావాస్య, పౌర్ణమికి అటూ ఇటూగా. వాటిలో ఏదో ఒకరోజు హ్వేలో ఉండేలా ప్లాన్ చేసుకోండి. 1945 దాకా రాజులున్న ఊరు, ఎక్కడ చూసినా బౌద్ధ ఆలయాలే. పైగా అక్కడివాళ్ళు కారం బాగానే తింటారు, మన నాలుకకి చప్పగా అనిపించదు.

బోర్డు మీద "చై" అని ఉందో లేదో చూడండి. అది శాకాహార హోటల్. మామూలు హోటల్లో "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేస్తారు గానీ, పులుసు ఎముకలదే, పైన చేపల సాస్ కూడా పడుతుంది. "తోయి అన్ చై" అని ఫోన్లో రాసి చూపించడం మేలు. మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. ఆలయాల పక్కనుండే చై హోటళ్ళే ఆవిడకి కుదిరాయి, ఎందుకంటే సన్యాసుల నియమంలో అవీ నిషిద్ధమే. ఊళ్ళోని మిగతా చోట్ల వేస్తారు, అడగండి.

హ్వేలో బాన్ బేవ్ తప్పక తినండి. బియ్యప్పిండి జారుగా కలిపి, అరచేతిలో పట్టే చిన్న చిన్న సాసర్లలో ఆవిరి మీద ఉడికిస్తారు. మామూలుగా పైన ఎండురొయ్యల పొడి చల్లుతారు, చై హోటల్లో పెసరపప్పు ముద్ద పెడతారు. సాసర్లోనే సాస్ పోసుకుని, చెంచాతో అంచు చుట్టూ గీకి, ఒక్క గుటకలో మింగడమే. సాసర్లు దొంతరగా పేరుకుపోతుంటే మా అత్తగారు ఇంకో పళ్ళెం చెప్పమన్నారు!

హ్వే నుంచి దనాంగ్‌కి బస్సెక్కకండి. బస్సులు చాలావరకు 2005లో తెరిచిన హాయ్ వాన్ సొరంగంలోంచి పోతాయి, కొండా కనపడదు, సముద్రమూ కనపడదు. రైలు మాత్రం కొండ అంచునే వంపులు తిరుగుతూ పోతుంది. సుమారు 100 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడు గంటలు. ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి, సముద్రం అటే. తిరుగు ప్రయాణమైతే కుడివైపు. అక్టోబర్, నవంబర్ వద్దు, వానలు ముంచెత్తుతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా హాయి.

అక్కడి డబ్బు డాంగ్. 20,000, 5,00,000 డాంగ్ నోట్లు రెండూ నీలమే. విడివిడిగా పెట్టుకోండి.

దనాంగ్ దాకా వచ్చాక "మీ సన్" (My Son) అనే పాత గుళ్ళ సముదాయం చూడకుండా వదలకండి. ఒకప్పుడు అక్కడ ఏలిన చంపా రాజులు ఇటుకలతో కట్టిన శివాలయాలు, సంస్కృత శాసనాలు. 2020లో మన పురావస్తు శాఖవాళ్ళు అక్కడ పనిచేస్తుంటేనే ఏకశిలా లింగం బయటపడింది. 1969 బాంబుదాడుల్లో చాలా గుళ్ళు కూలిపోయాయి, మిగిలినవి చూడ్డానికి ఒక పూట చాలు. ఎండెక్కకముందే చేరుకోవాలి కాబట్టి, ముందురోజు రాత్రే మీ సన్‌కి దగ్గరి ఊరు హోయి ఆన్‌లో బాన్ మీ చై (శాకాహార శాండ్‌విచ్) పార్శిల్ చెప్పి పెట్టుకోండి.