విదేశంలో చర్చి మిషన్ నిర్మాణ పనికి వాలంటీరుగా వెళ్లడం ఎలా?

విదేశంలోని ఒక పేద గ్రామంలో బడి గదులో, ఇళ్లో, ప్రార్థనా మందిరమో కట్టడానికి చర్చి బృందంతో వెళ్లాలనుకునేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది, ఆ కట్టడాన్ని కోరింది ఎవరు అన్నది. స్థానిక సంఘమే తనకు కావాలని అడిగి, స్థలం పత్రాలు, నిర్మాణ అనుమతి సిద్ధం చేసుకుని, ఆ తరువాతి నిర్వహణను కూడా తన మీద వేసుకున్నప్పుడే అక్కడ మన చేతులకు పని ఉంటుంది. కాబట్టి స్థలం ఎవరి పేరిట ఉంది, ఇంజినీరు గీసిన ప్లాను ఉందా, ఆ ఊరి తాపీమేస్త్రీలకు కూలి ఇచ్చి పెట్టుకున్నారా, ఇంతకు ముందు కట్టినవి ఇప్పుడు ఎలా ఉన్నాయి అని నిర్వాహకులను అడగండి. సూటిగా జవాబు రాకపోతే మరో ప్రాజెక్టు చూసుకోవడమే మంచిది. 1976లో అమెరికాలో మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు క్రైస్తవ విశ్వాసంతో స్థాపించిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ పద్ధతి ఈ విషయంలో నాకు నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ ఇల్లు పొందే కుటుంబం కూడా నిర్మాణంలో పాలు పంచుకుంటుంది.

ప్రయాణ ఖర్చులు సాధారణంగా వాలంటీర్లే భరించాలి. ఆ సొమ్ముతో అక్కడి మేస్త్రీలకు చాలా రోజుల కూలి ఇవ్వవచ్చు కనుక, మీ సంఘంలో చందాలు పోగు చేసేటప్పుడు ప్రయాణానికి ఒక ఖాతా, సిమెంటు, ఇనుము, కూలి ఖర్చులకు వేరొక ఖాతా పెట్టి, రెండో దానికే ఎక్కువ చేరేలా చూడండి.

పాస్‌పోర్టు గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలని చాలా దేశాలు కోరతాయి. జీతం లేని సేవను కూడా పనిగానే లెక్కించే దేశాలున్నాయి కాబట్టి, పర్యాటక వీసా సరిపోతుందో లేదో ఆ దేశపు రాయబార కార్యాలయాన్నే అడగాలి. బయలుదేరడానికి 4 నుంచి 6 వారాల ముందు వైద్యుణ్ణి కలిసి ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ ఏ టీకాల గురించి మాట్లాడండి. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైతే కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. బీమా తీసుకునేటప్పుడు నిర్మాణ స్థలంలో తగిలే దెబ్బలకు అది వర్తిస్తుందేమో చదివి చూడండి.

పని మొదలైన రోజు నుంచి మేస్త్రీ మాటే అందరూ వినాలి. తాపీ పట్టడం తెలియనివారు ఇటుకలు అందించడం, ఇసుక జల్లించడం, నీళ్లు మోయడం వంటి పనులతో ఆయనకు ఎంతో సాయపడగలరు. కాల్చిన మట్టి ఇటుకలను ముందుగా నీటిలో నానబెట్టాలి, లేకపోతే అవి మాలులోని, అంటే సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దలోని తడిని పీల్చేసుకుని అతుకు బలహీనపడుతుంది. మాలు కూడా గంటలోపు వాడగలిగినంతే కలుపుకోవాలి, గట్టిపడటం మొదలైన దానిలో మళ్లీ నీళ్లు పోసి వాడితే గోడ బలం తగ్గుతుంది. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు, మందపాటి బూట్లు తప్పనిసరి, ఒంటికి అంటిన వెంటనే మంచినీళ్లతో కడుక్కోవాలి. పైకప్పు, కరెంటు పనులు తెలిసినవారికే వదిలేయండి.

పిల్లల ఫోటోలు తల్లిదండ్రులను అడగకుండా తీయవద్దు. బహుమతులు ఏవైనా చేతికి చేతికి పంచకుండా సంఘ పెద్దలకు అప్పగిస్తే ఎవరికీ మనసు నొచ్చుకోదు.

వాలంటీర్లు వెళ్లిపోయాక ఆగిపోయే పని నీళ్లు కొట్టడం. కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి, దాని బలాన్ని ఇంజినీర్లు లెక్కగట్టేది 28వ రోజున. అందుకని మీ తిరుగు ప్రయాణానికి ముందే రోజూ నీళ్లు కొట్టే మనిషిని, ఆయన కూలిని, నీటి వసతిని సంఘంతో కూర్చుని ఖాయం చేసుకోండి. మీరు తెచ్చిన పనిముట్లను మేస్త్రీలకే ఇచ్చి, మిగిలిన పనికి కావలసిన సొమ్ము ఏ తేదీన ఎవరి చేతికి అందుతుందో కాగితం మీద రాసి, ఇరువైపులా సంతకాలు చేసుకున్నాకే బయలుదేరండి.