మణికట్టు ఎముకలను వేలితో తడిమి గుర్తుపట్టడం ఎలా?

చేతిలో 27 ఎముకలుంటే వాటిలో 8 మణికట్టులోనే ఉన్నాయి. వాటి పేర్లు వరసగా అప్పజెప్పే ఫిజియోథెరపీ, నర్సింగ్ విద్యార్థులకు కొదవ లేదు. వాటిలో బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్ మీద వేలు పెట్టమంటే మాత్రం చాలామంది రత్ని ఎముక (ముంజేతిలో బొటనవేలి వైపుది, రేడియస్) కొస మీద పెడతారు. ప్లాస్టిక్ నమూనా కొంటే ఈ తప్పు పోదు, ఎందుకంటే దానికి చర్మం ఉండదు, అది వంగదు. ఎవరి చెయ్యి వాళ్లకుంది, దాని మీదే నేర్చుకోవాలి.

కావలసినవి: ఒక బల్ల, మడతపెట్టిన తువ్వాలు, ఐబ్రో పెన్సిల్. బాల్‌పెన్ను వద్దు, పడాల్సినప్పుడు పడదు, పోవాల్సినప్పుడు పోదు. గోళ్లు కత్తిరించుకోండి. చివరి ఎముక తప్ప తడిమేదంతా మధ్యవేలి కొసతోనే. బొటనవేలు మొద్దు, చిన్న సందులు దానికి తెలియవు.

1. ముందు హద్దులు. అరచేయి కిందికి పెట్టినప్పుడు చిటికెనవేలి వైపు లేచి కనబడే గుండ్రటి బొడిపె మణికట్టు ఎముక కాదు, అరత్ని (ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక, అల్నా) తల. బొటనవేలి వైపు రత్ని కొస అంతకన్నా సుమారు సెంటీమీటరు ముందుకు వచ్చి ఉంటుంది. రెండింటికీ చుక్కలు పెట్టండి.

2. పిసిఫార్మ్. అరచేతి వైపు, మణికట్టు ముడత మీద, చిటికెనవేలి వైపు చివర బఠాణీ గింజంత ఎముక. మణికట్టు కాస్త వంచి వదులుగా ఉంచితే అటూ ఇటూ కదులుతుంది. చిటికెనవేలిని బలంగా పక్కకు చాపితే బిగుసుకుంటుంది. అంతే.

3. స్కాఫాయిడ్. పని చెడేది ఇక్కడే, నెమ్మదిగా చేయండి.

చిటికెనవేలి అంచు తువ్వాలు మీద ఆనేలా చేతిని నిలబెట్టండి. బొటనవేలిని బాగా వెనక్కి చాపితే దాని మొదట్లో రెండు టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) గట్లు లేచి, మధ్యలో గుంట పడుతుంది. గుంటను గుర్తుపెట్టండి. ఇప్పుడు బొటనవేలిని పూర్తిగా వదులు చేయండి. దాదాపు అందరూ మరిచేది ఇదే. వేలు చాపి ఉంచే నొక్కితే టెండన్లు బిగుసుకుని లోపలికి పోనివ్వవు, తగిలిన టెండన్‌నే ఎముక అనుకుంటారు.

గుంటలో మోచేతి వైపు గట్టిగా తగిలేది రత్ని కొస. దాని మీదే ఆగిపోవద్దు. అక్కడినుంచి వేలిని బొటనవేలి వైపు జారిస్తే చిన్న సందు, సందు దాటగానే మళ్లీ ఎముక. అది స్కాఫాయిడ్ అవునో కాదో తేల్చేది కదలిక ఒక్కటే. మణికట్టును చిటికెనవేలి వైపు వంచండి, ఎముక పైకొచ్చి వేలిని నెడుతుంది. బొటనవేలి వైపు వంచండి, లోపలికి పోతుంది. ఏ మార్పూ లేకపోతే మీ వేలు ఇంకా రత్ని మీదే ఉంది. మరీ ముందుకు పోతే ట్రపీజియం అనే ఇంకో మణికట్టు ఎముక తగులుతుంది, అది దాటితే బొటనవేలి కరభాస్థి (మణికట్టుకూ వేలికీ మధ్య ఉండే పొడవాటి ఎముక). బొటనవేలిని ఆడిస్తే కరభాస్థి కదులుతుంది, ట్రపీజియం నిలిచి ఉంటుంది.

ఆ గుంటలో నాడి కొట్టుకుంటుంది, రేడియల్ ధమని అక్కడినుంచే పోతుంది. పైన చర్మానికి స్పర్శనిచ్చే నరం కూడా ఉంది. అందుకే బాగున్న చేతిలోనూ గట్టిగా నొక్కితే నొప్పెడుతుంది. రెండో చేతిని కూడా అంతే బలంతో నొక్కి పోల్చకుండా నొప్పి ఉందనడానికి వీల్లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, బండి మీదనుంచి పడి అరచేయి నేలకు ఆనించినవాళ్లలో విరిగే మణికట్టు ఎముకల్లో స్కాఫాయిడే ముందు వరసలో ఉంటుంది. వాపు పెద్దగా ఉండదు, మొదటి ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు. బెణికిందని నూనె రాసి మర్దన చేయిస్తారు. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొసనుంచి వెనక్కి వస్తుంది, నడుమ విరిగితే మోచేతి వైపు ముక్కకు అందక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. పడ్డాక ఆ గుంటలో ఒక చేతికే నొప్పి ఉంటే ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే. మామూలుగా కట్టు వేసి, 10–14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, లేదా ఎమ్మారై రాస్తారు.

4. క్యాపిటేట్, లూనేట్. మధ్యవేలి కరభాస్థి వెంబడి చేతి వెనక వైపు మణికట్టు దాకా రండి. వేలు పల్లంలో పడ్డ చోట కింద ఉన్నది క్యాపిటేట్. ఇంకాస్త వెనక్కి వచ్చి మణికట్టును అరచేతి వైపు వంచితే పైకి లేచేది లూనేట్. ట్రైక్వెట్రమ్ అరత్ని తల ముందు, పక్కన ఉంటుంది, బొటనవేలి వైపు వంచితే తేలుతుంది. ట్రపిజాయిడ్ విడిగా చేతికి చిక్కడం కష్టం, వదిలేయండి.

5. హామేట్ కొక్కెం, అంటే హామేట్ ఎముకనుంచి అరచేతి వైపు పొడుచుకొచ్చిన భాగం. రెండో చేతి బొటనవేలి కణుపును పిసిఫార్మ్ మీద ఆనించి, ఆ వేలి కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు వైపు తిప్పండి. కొస ఆనిన చోట లోతుగా నొక్కితే కొక్కెం తగులుతుంది. పక్కనే అల్నార్ నరం ఉంది. చిటికెనవేలు తిమ్మిరెక్కితే వెంటనే వేలు తీసేయండి.