సింపుల్ పాస్టా, ప్రెజెంట్ పర్ఫెక్టా: తేల్చుకోవడం ఎలా?

ఇంగ్లీషు క్రియారూపాలను మన పాఠశాలల్లో పన్నెండు గడుల పట్టికగా నేర్పుతారు. కాలాలు మూడు, ఒక్కో కాలానికి సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అనే నాలుగు రూపాలు. పట్టిక కంఠస్థమైనంత మాత్రాన మాట్లాడేటప్పుడు ఏ గడిలోని రూపం వాడాలో తెలియదు. తెలుగువారిని ఎక్కువగా తికమకపెట్టేవి సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్. "నిన్న తిన్నాను", "ఇప్పుడే తిన్నాను" అన్నప్పుడు తెలుగులో క్రియ మారదు కనుక, ఇంగ్లీషులో మార్చాలన్న స్ఫురణ సహజంగా కలగదు.

ముందుగా వాక్యంలో ముగిసిపోయిన సమయం ప్రస్తావన ఉందేమో చూడాలి. నిన్న, పోయిన వారం, 2019లో వంటి మాట ఉంటే ఈ రెండింటిలో సింపుల్ పాస్టే కుదురుతుంది. "ఐ మెట్ హిమ్ యెస్టర్‌డే" సరైనది. "ఐ హ్యావ్ మెట్ హిమ్ యెస్టర్‌డే" తప్పు. ఎప్పుడు జరిగిందని అడిగే ప్రశ్నకూ ఇదే నియమం కాబట్టి "వెన్ డిడ్ యూ కమ్?" అనాలి.

సమయం చెప్పకుండా, జరిగినదాని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉందని సూచించదలిస్తే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలి. "ఐ హ్యావ్ లాస్ట్ మై కీ" అంటే తాళంచెవి ఇంకా దొరకలేదని వినేవారికి అర్థమవుతుంది. "ఐ లాస్ట్ మై కీ" అంటే పోయిన సంగతి మాత్రమే తెలుస్తుంది, తరువాత దొరికి ఉండవచ్చు. ఉదయం పదకొండు గంటలకు "హ్యావ్ యూ సీన్ హిమ్ దిస్ మార్నింగ్?" అని అడిగేవారు, అదే ప్రశ్నను సాయంత్రం "డిడ్ యూ సీ హిమ్ దిస్ మార్నింగ్?" అని అడుగుతారు, ఎందుకంటే అప్పటికి ఉదయం ముగిసిపోయింది. అమెరికన్లు మాత్రం "డిడ్ యూ ఈట్ యెట్?" అని కూడా అంటారు, అది వారి వాడుక, తప్పు పట్టనక్కరలేదు.

అప్పుడెప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "2019 నుంచి హైదరాబాదులో ఉంటున్నాను" అనే వాక్యం మనకు వర్తమానంలోనే ఉంటుంది కనుక "ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ 2019" అనేస్తాము. అక్కడ "ఐ హ్యావ్ బీన్ లివింగ్" అనాలి. పైగా మన "నుంచి" మొదలైన క్షణానికీ, గడిచిన వ్యవధికీ ఒకేలా సరిపోతుంది; ఇంగ్లీషులో మొదలైన సంవత్సరం చెబితే సిన్స్, అయిదేళ్లని చెబితే ఫర్ వాడాలి. "సిన్స్ ఫైవ్ ఇయర్స్" అన్నది ఇలా పుట్టిన పొరపాటే. తెలియడం వంటి స్థితిని చెప్పే క్రియలకు ఐఎన్‌జీ రూపం సాధారణంగా పొసగదు కాబట్టి "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్" అంటే చాలు.

ఇక పాస్ట్ పర్ఫెక్ట్. "ఐ హ్యాడ్ సెంట్ ది మెయిల్ లాస్ట్ వీక్" వంటి వాక్యాలు మన ఆఫీసు మెయిళ్లలో తరచుగా కనిపిస్తాయి. హ్యాడ్ చేరిస్తే మర్యాదగా ఉంటుందని కొందరి నమ్మకం కాబోలు. గతంలోని రెండు సంఘటనల్లో ఏది ముందు జరిగిందో తెలపడమే హ్యాడ్ ముఖ్యమైన పని. "వెన్ వీ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్" అన్నప్పుడు రైలు ముందే వెళ్లిపోయింది కనుక హ్యాడ్ దానికే చేరింది. పోల్చడానికి అలాంటి రెండో సంఘటన లేకపోతే, మెయిల్ పంపిన సంగతికి "ఐ సెంట్" సరిపోతుంది.