వర్చువల్‌బాక్స్ నత్తనడక నడుస్తుంటే

వర్చువల్‌బాక్స్‌లో నడిపే వీఎం (వర్చువల్ మెషీన్, అంటే మన కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) స్లో కాగానే చాలామంది దానికిచ్చే ర్యామ్, ప్రాసెసర్ కోర్లు పెంచేస్తారు. తరచూ దానివల్లే ఇంకా నెమ్మదిస్తుంది. లోపం ఎక్కడుందో తేల్చుకున్నాకే సెట్టింగుల్లో చేయి పెట్టాలి.

విండోస్ ల్యాప్‌టాప్ అయితే ముందు వీఎం ఆన్ చేసి, విండో అడుగున కుడివైపు ఐకాన్ల వరుస చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే, ప్రాసెసర్ వర్చువలైజేషన్ (వీఎంలు నడపడానికి ప్రాసెసర్‌లో ఉండే సదుపాయం) వర్చువల్‌బాక్స్ చేతిలో లేదు, విండోస్‌లో ఉండే వీఎం సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ హైపర్-వి చేతిలో ఉంది. వర్చువల్‌బాక్స్ దాని మీదుగా పనిచేయాల్సి రావడమే ఆ నెమ్మదికి కారణం. 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్'లో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసి రీస్టార్ట్ చేయండి. తాబేలు ఇంకా పోలేదా? విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ హైపర్-విని పట్టుకుని ఉండొచ్చు. అది భద్రత కోసం పెట్టింది కాబట్టి సొంత మెషీన్‌లో ఆలోచించి ఆపండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఐటీ వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు. ఇంకోటి: ఈ ఫీచర్లు తీసేస్తే డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపేది), దాని మీద నడిచే డాకర్ డెస్క్‌టాప్ ఆగిపోతాయి. అవి రోజూ కావాలంటే వీఎంనే హైపర్-విలోకి మార్చుకోవడం నయం.

తాబేలు లేదంటే ర్యామ్ చూడాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో వీఎంకి 4 జీబీ దాటనివ్వకండి, క్రోమ్ కూడా తెరిచి ఉంటే 3 చాలు. హోస్ట్‌కి (అంటే అసలు ల్యాప్‌టాప్‌కి) ర్యామ్ చాలకపోతే అది డిస్క్‌ని వాడుకోవడం మొదలెడుతుంది, అప్పుడు రెండూ ఈడుస్తాయి. లినక్స్ వీఎంలో టెర్మినల్ తెరిచి 'వీఎంస్టాట్ 1' (vmstat 1) కొట్టి ఎస్ఐ, ఎస్ఓ (si, so) కాలమ్స్ చూడండి, అవి ర్యామ్ చాలక డిస్క్‌ని వాడటాన్ని చూపిస్తాయి. అవి ఎడతెగకుండా సున్నా కన్నా పైనే ఉంటే వీఎంకే ర్యామ్ చాలడం లేదు. అప్పుడు మాత్రమే పెంచండి, అదీ హోస్ట్‌లో ఖాళీ ఉంటేనే.

కోర్ల విషయంలో, 4 ఫిజికల్ కోర్లున్న మెషీన్‌లో వీఎంకి 2 ఇవ్వండి. స్లయిడర్ ఎర్ర గీత దాటించొద్దు.

అదే వీఎంస్టాట్‌లో డబ్ల్యూఏ (wa, డిస్క్ కోసం ప్రాసెసర్ ఎదురుచూసే సమయం) ఎక్కువగా కనిపిస్తే ఇబ్బంది డిస్క్‌లో ఉంది. వీడీఐ ఫైల్ (వీఎం డిస్క్ అంతా దాచే ఫైల్) హార్డ్ డిస్క్ మీద ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చండి. మిగతా ఏ మార్పూ ఇంత తేడా చూపించదు. మార్చేటప్పుడు ఫైల్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో లాగకుండా వర్చువల్‌బాక్స్‌లోని 'మూవ్' వాడండి, లేకపోతే డిస్క్ దొరకడం లేదని ఎర్రర్ వస్తుంది. స్నాప్‌షాట్లు (వీఎం అప్పటి స్థితిని దాచిపెట్టినవి) పేరుకుపోయాయేమో కూడా చూడండి. ఒక్కో స్నాప్‌షాట్‌కి ఒక్కో కొత్త డిస్క్ ఫైల్ తయారవుతుంది, పాత డేటా చదవాలంటే ఆ గొలుసంతా వెనక్కి వెతకాలి. అక్కర్లేనివి డిలీట్ చేస్తే ఫైళ్లు కలిసిపోతాయి, కానీ ఆ కలపడానికి హోస్ట్‌లో బాగా ఖాళీ స్థలం కావాలి, సమయమూ పడుతుంది. మధ్యలో కరెంటు పోతే డిస్క్ పాడయ్యే ప్రమాదం ఉంది, ఛార్జర్ పెట్టే మొదలెట్టండి.

అంతా బాగుండి మౌస్, విండోలు మాత్రమే తడబడుతుంటే గెస్ట్ అడిషన్స్ (వీఎం లోపల వేసే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు) ఇన్‌స్టాల్ చేసి, వీడియో మెమరీ 128 ఎంబీకి పెంచండి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసి చూడండి. సేవ్ స్టేట్ (వీఎంని ఉన్నచోటే ఆపి దాచడం) నుంచి లేపితే ర్యామ్, కోర్ల మార్పులు వర్తించవు.