వైజాగ్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్కేసుకోండి

ఈ ప్రశ్న పది మందిని అడిగితే పది రకాల నంబర్లు చెప్తారు. ఒకరు నేరు దూరం చెప్తారు, ఇంకొకరు విమానాలు మారుతూ తిరిగే దూరం చెప్తారు, మరొకరు టికెట్ మీద టైమ్ చూసి చెప్తారు. అందుకే ముందు ఈ మూడూ విడదీయండి.

నేరు దూరం కోసం గోడ మీద మ్యాప్ నమ్మొద్దు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం వైజాగ్ దగ్గర వేలితో నొక్కిపట్టి డాలస్ దాకా బిగువుగా లాగండి. అది పడమటికి పోదు, తిన్నగా పైకి వెళ్లి గ్లోబును పట్టి ఉంచే మేకు పక్క నుంచి అటు దిగుతుంది, అంటే ఉత్తర ధ్రువం మీదుగా అన్నమాట! మన ఎయిర్‌పోర్ట్ 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్‌ది 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి, కలిపితే దాదాపు 180, అంటే గ్లోబు చుట్టులో సరిగ్గా సగం, ఒకదానికొకటి ఎదురు వైపు, అందుకే ఇలా. ఇది నాకు తెలిసిన రోజు గ్లోబు ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. అదే దారాన్ని భూమధ్యరేఖ మీద పరవండి. ఆ రేఖ మొత్తం చుట్టు 40,000 కిలోమీటర్లు, దారం అందులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ వస్తుంది. సుమారు 14,400 కిలోమీటర్లు.

గ్లోబు లేకపోతే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సైట్‌లో వీటీజెడ్, డీఎఫ్‌డబ్ల్యూ అనే ఎయిర్‌పోర్ట్ కోడ్‌లు (మొదటిది వైజాగ్, రెండోది డాలస్) మధ్యలో చిన్న గీతతో కొట్టండి. కాకపోతే మైళ్లా కిలోమీటర్లా అన్నది చూసుకోండి.

కానీ మనకు అటు నేరుగా విమానం లేదు. హైదరాబాద్, దుబాయ్ మీదుగా వెళ్తే 510, 2,550, 12,940, మొత్తం 16,000 కిలోమీటర్లు. టైమ్‌కి నేను వాడే లెక్క ఒకటే: ప్రతి విమానానికీ విడిగా, దూరాన్ని 850తో (విమానం గంటకు పోయే కిలోమీటర్లు) భాగించి, విమానం పైకి లేవడానికి కిందికి దిగడానికి అరగంట కలపండి. హైదరాబాద్‌కి గంట దాటుతుంది, అక్కడి నుంచి దుబాయ్‌కి మూడున్నర, దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 16. వచ్చేటప్పుడు ఆ పెద్ద విమానం గంట దాకా తగ్గుతుంది, ఎందుకంటే పైన గాలులు పడమర నుంచి తూర్పుకి గట్టిగా వీస్తాయి.

టికెట్ మీద టైమ్‌లు ఏ ఊరివి ఆ ఊరివే. మా అమ్మ మొదటిసారి వెళ్లినప్పుడు దుబాయ్‌లో తెల్లవారుజామున 3కి ఎక్కి అదే రోజు ఉదయం 10కి దిగుతుందని చూసి ఏడు గంటలే అనుకున్నాం, తర్వాత ఫోన్ రాక ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. వేసవిలో దుబాయ్ కంటే డాలస్ 9 గంటలు వెనక, చలికాలంలో 10. ఆ 9 కూడా కలిపితేనే 16 వస్తుంది. మన టైమ్‌తో చూస్తే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక.

ఇక మధ్యలో ఆగే టైమ్ వేరే. హైదరాబాద్‌లో కనీసం మూడు గంటలు ఉంచుకోండి, టికెట్లు విడివిడిగా కొంటే ఇంకా ఎక్కువే, ఎందుకంటే అక్కడ లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, ఆ తర్వాత ఇమిగ్రేషన్ లైన్ ఉంటుంది.