సెల్లార్, మెట్లు, కారిడార్‌లకు సెన్సార్ లైట్లా? వానలకు ముందే ఇవి చూసుకోండి

మృగశిర కార్తె దగ్గర పడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో సెల్లార్‌కూ మెట్లకూ కలిపి సెన్సార్ లైట్లు పెట్టించేది ఈ రోజుల్లోనే, షాక్ కొట్టిందన్న కబుర్లు వినేదీ ఈ రోజుల్లోనే. తడి చేతులతో ముట్టొద్దన్నది అందరికీ తెలుసు. తెలియనిది ఒకటుంది.

ఏ సెన్సార్ మనిషిని పట్టినా రెండు చోట్లా లైట్లు వెలగాలని, రెండు సెన్సార్ల అవుట్‌పుట్ వైర్లు (సెన్సార్ నుంచి లైటుకు పోయేవి) కలుపుతారు. కలపడం తప్పు కాదు. సెల్లార్ ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్టయినా దానంతటదే పడిపోయే స్విచ్) మీద, మెట్లు ఇంకో ఎంసీబీ మీద ఉండగా కలపడం తప్పు. మెట్ల ఎంసీబీ దించి, టెస్టర్ వెలగలేదని ధైర్యంగా హోల్డర్ విప్పుతుంటాడు ఎలక్ట్రీషియన్. కింద ఎవరో బండి తీయడానికి వస్తారు. సెల్లార్ సెన్సార్ ఆన్ అయి, అతని చేతిలోని వైర్లోకి 230 వోల్టులు వస్తాయి. ఆ రెండు ఎంసీబీలు వేర్వేరు ఫేజుల (బిల్డింగుకు వచ్చే మూడు కరెంటు లైన్ల) మీద ఉంటే, రెండు సెన్సార్లూ ఒకేసారి ఆన్ అయిన క్షణాన 400 వోల్టుల షార్టు. సెన్సార్ పేలిపోవచ్చు.

కలిపే ముందు రెండు ఫేజు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 400 దరిదాపుల్లో చూపితే ఫేజులు వేరు. సున్నా చూపిందని సంబరపడొద్దు, ఫేజు ఒకటైనా ఎంసీబీలు రెండు ఉండొచ్చు. ఒకటి దించి, రెండు చోట్లా కరెంటు పోయిందో లేదో చూడాలి.

కలిపే సెన్సార్లన్నిటికీ కామన్ మీటర్ నుంచి ఒకే 6 ఆంపియర్ల ఎంసీబీ, ఒకే ఫేజు, ఒకే న్యూట్రల్, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్). న్యూట్రల్ పక్క సర్క్యూట్ నుంచి అరువు తెస్తే ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంది. అప్పుడు తీసేయాల్సింది అరువు న్యూట్రల్‌ను, ఆర్‌సీసీబీని కాదు.

సెన్సార్ నేల నుంచి ఏడెనిమిది అడుగుల ఎత్తులో, మనిషి దాని ముందు నుంచి అడ్డంగా నడిచేట్టు ఉండాలి. ఎదురుగా వచ్చేవాళ్లను ఆలస్యంగా పడుతుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టకముందే లైటు రావాలి. ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ ఉన్న తేడాతో పనిచేసే సరుకిది, మండుటెండల్లో చూపు తగ్గుతుంది. ఇప్పుడు ఆ చూపు పెంచే సెన్సిటివిటీ నాబ్ పూర్తిగా పెంచి వదిలేస్తే, వానలకు చల్లబడ్డాక వీధికుక్కకు కూడా వెలుగుతుంది.

బల్బుకు ఎదురుగా బిగించొద్దు, దాని వేడికే మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంది. కిటికీ అద్దం వెనక పెట్టొద్దు, దానికి మనిషి కనపడడు. వేపకొమ్మ ఊగే వైపు తిప్పొద్దు. మెట్ల దగ్గర టైమ్ నాబ్ (లైటు ఎంతసేపు వెలగాలో చెప్పేది) కనీసం 2 నిమిషాలు. కరెంటు పోయి వచ్చాక కుదురుకోవడానికి అర నిమిషం, నిమిషం తీసుకుంటుంది. కాబట్టి ప్రతి మలుపులో ఒక రీచార్జబుల్ బల్బు ఉండాల్సిందే. బయటవైతే ఐపీ65 (దుమ్ము, నీళ్లు లోపలికి పోనివ్వని రకం) వే కొనండి, వైరు కింది నుంచే లోపలికి పోవాలి. జాయింట్లు గోడలో పూడ్చొద్దు. ఎర్త్ వైరును న్యూట్రల్‌గా వాడొద్దు, ఒక్క రాత్రికి కూడా. రెండు ఎంసీబీల వైర్లు కలపొద్దు, ఎవరు చెప్పినా కలపొద్దు. పనయ్యాక ఏ ఎంసీబీ మీద ఏయే సెన్సార్లు ఉన్నాయో రాసి బోర్డు తలుపు లోపల అతికించండి.